సంగీతం నేర్పిస్తే పిల్లల బుర్ర పెరుగుతుందా, క్లాసు ఫీజు పెరుగుతుందా?

ముంజికాయ
మా బాబుకి ఐదున్నర. మూడు నెలల కిందట పాలకొల్లులో కర్ణాటక సంగీతం క్లాసులో వేశాం. వారానికి రెండు రోజులు, గంటేసి. "సంగీతం వస్తే లెక్కలు వాటంతట అవే వస్తాయి" అని చెప్పి చేర్చుకున్నారు. ఇప్పటికి మొదటి సరళీ వరస (సరిగమపదనిస ఎక్కి దిగే మొదటి పాఠం) పాడతాడు. కింద సా బాగానే ఉంటుంది, పైకెళ్ళేకొద్దీ అరుపు, పై సా దగ్గర మెడ నరాలు తేలతాయి. మంగళవారం క్లాసంటే పొద్దున్నే కడుపునొప్పి. మానిపించేయాలా, ఇంకొన్నాళ్ళు చూడాలా? లెక్కల సంగతి నిజమేనా? నాకు సంగీతం రాదు, ఇంట్లో ఏం చేయించాలో తెలియడం లేదు.

పులసప్రియుడు
బుధవారం పొద్దున్నకి కడుపునొప్పి తగ్గిపోతోందాండి? అయితే వాము నీళ్ళు దండగ.

మూడోకాలం
@ముంజికాయ నేర్పేది మాస్టారా, టీచరమ్మా? శ్రుతి, అంటే సా ఎంత ఎత్తున ఉండాలో చెప్పే అంకె, ఎంత పెడుతున్నారు? జవాబు వచ్చాక చెబుతాను గానీ, ఆ అరుపు పిల్లాడి తప్పు కాకపోవచ్చు.

లాకులదగ్గర
లెక్కల సంగతి నేను చెబుతా. అదంతా 1993లో మొదలైన గోల. అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు మొజార్ట్ వినిపించి, కాగితం మడత బొమ్మల్లాంటి ప్రశ్నలిచ్చారు. స్కోరు కాస్త పెరిగింది. ఎంతసేపు? పది, పదిహేను నిమిషాలు. తర్వాత మామూలే. వాళ్ళు పిల్లలు కారు, నేర్చుకున్నదీ లేదు, ఊరికే విన్నారు. దాన్ని పట్టుకుని 1998లో జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకీ సంగీతం సీడీ ఇస్తానని లక్షా 5 వేల డాలర్లు అడిగాడు. మన క్లాసుల గోడల మీద బ్యానర్లు ఆ సీడీల మనవలే.

మూడోకాలం
@లాకులదగ్గర వినడం వేరు, నేర్చుకోవడం వేరు కదండీ. రెండూ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

చెవిమాట
వినికిడి, మాట సమస్యలున్న పిల్లలతో పని నాది. ఇద్దరి మాటలోనూ సగం సగం ఉంది.

నేర్చుకోవడం మీద గట్టి పరీక్ష 2004లో టొరంటో వాళ్ళది. ఆరేళ్ళ పిల్లలు 144 మంది. చీటీలేసినట్టు నాలుగు జట్లు: కీబోర్డు, గాత్రం, నాటకం, ఏమీ లేనివాళ్ళు. 36 వారాలు. బడికెళ్ళే వయసు కాబట్టి ఐక్యూ అందరికీ పెరిగింది. సంగీతం జట్లకి సగటున 7 పాయింట్లు, మిగతా వాళ్ళకి 4.3. తేడా 2.7. ఉంది, కానీ బ్యానరు కట్టేంత లేదు. 2020లో 54 అధ్యయనాలు కలిపి చూసినప్పుడు, జట్లని సరిగ్గా విడగొట్టి, పోల్చే జట్టుకి కూడా ఇంకేదో పని ఇచ్చిన వాటిలో తెలివి మీద ప్రభావం దాదాపు కనపడలేదు. కాబట్టి లెక్కల కోసం అయితే లెక్కలే చేయించండి.

మరి దేనికి పనికొస్తుంది? చెవికి. లాస్ ఏంజిలిస్‌లో పేద కుటుంబాల పిల్లల్ని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు గమనించి 2014లో ప్రచురించారు. "బ", "గ" లాంటి దగ్గర ధ్వనులని మెదడు ఎంత స్పష్టంగా విడదీస్తోందో కొలిచారు. ఏడాది నేర్చుకున్న వాళ్ళలో మార్పు లేదు. రెండేళ్ళు నేర్చుకున్న వాళ్ళలో ఉంది. మూడు నెలలకి ఫలితం అడగడం అంటే నారు పోసిన వారానికి కుప్ప నూర్చడమే.

పులసప్రియుడు
నాటకం జట్టు ఏమైందండి? వాళ్ళ గురించి చెప్పకుండా దాటేశారు.

చెవిమాట
భలే పట్టారు. నాటకం జట్టు పిల్లలు నలుగురిలో మెలగడంలో మెరుగయ్యారు. సంగీతం జట్లకి ఆ లాభం రాలేదు. 

పులసప్రియుడు
మన గోదావరి జిల్లాల్లో పిల్లల్ని వేరే నాటకంలో చేర్పించక్కర్లేదు. మంగళవారం కడుపునొప్పి చూడండి, బాలనటుడు.

ముంజికాయ
@మూడోకాలం మాస్టారేనండి. శ్రుతి పెట్టె మీద ఒకటి. పద్నాలుగు మంది పిల్లలు, అందరికీ అదే.

మూడోకాలం
అదీ సంగతి. ఒకటి శ్రుతి మాస్టారి గొంతుకి హాయి. ఆ సా పిల్లాడికి అందనంత కింద ఉంటుంది కాబట్టి వాడు ఒక స్థాయి పైన, అంటే తర్వాతి సా దగ్గర పట్టుకుంటాడు. కింద సా కుదురుతుంది. పై సా ఐదున్నరేళ్ళ వాడికి చాలా ఎత్తు. మాట్లాడే గొంతునే అక్కడిదాకా తోసుకెళ్తాడు. అదే మీరు వినే అరుపు.

ఇంట్లో ఇలా చూడండి. ఫోనులో తంబురా యాప్ ఒకటి దింపుకోండి. ఆరు శ్రుతి పెట్టండి, వాడు ఇప్పుడు పట్టుకుంటున్న సా కంటే అది కాస్త కిందే. ఫోను స్పీకరులో కింది నాదం సరిగా పలకదు, చిన్న బ్లూటూత్ స్పీకరుకి కలపండి. ఒక నిమిషం ఊరికే విననివ్వండి. తర్వాత "ఆ" కాదు, "ఊ" అని కింద సా పట్టించండి. గొంతు గాలైపోయి వినపడకపోతే అర శ్రుతి పెంచండి. బాగుంటే మెల్లగా పై సా "ఊ" అని తాకించండి. గడ్డం ముందుకి పొడుచుకొచ్చినా, భుజాలు లేచినా, అర శ్రుతి తగ్గించండి. ఈ వయసు పిల్లలు చాలామందికి 5½ నుంచి 6½ మధ్యలో ఎక్కడో కుదురుతుంది. అక్కడ ఆగిన అంకె కాగితం మీద రాసి మాస్టారికి ఇవ్వండి. ఆయన పాడలేని శ్రుతి అయితే కీబోర్డు మీద వాయించి పిల్లల చేత పాడించొచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆర్నెల్లకోసారి మళ్ళీ చూసుకోవాలి. ఒకసారి పెట్టిన శ్రుతి శిలాశాసనం కాదు.

నల్లకాలువ
మధ్యలో దూరుతున్నా. 13 ఏళ్ళ అబ్బాయి, గొంతు బీటలు వారుతోంది. పాట ఆపేయాలా?

మూడోకాలం
@నల్లకాలువ ఆపక్కర్లేదు. పై స్థాయి ఆపండి. మధ్య స్థాయిలో సా నుంచి పా దాకానే, మెల్లగా, రోజుకి పది పదిహేను నిమిషాలు. శ్రుతి నెలనెలా దిగుతుంటుంది, దాన్ని వెంబడించి దింపండి, పాత శ్రుతిలో పాడించే పట్టుదల వద్దు. పోటీలు ఒక ఏడాది మానేస్తే కొంప మునగదు. ఆ ఏడాది తాళం, స్వరం రాయడం, వీణో వయొలినో.

కొబ్బరిచిప్ప
చిన్నపిల్లల బడి నడిపే వాళ్ళ వైపు నుంచి ఒక మాట. ఐదున్నరేళ్ళ వాడిని గంటసేపు బాసింపట్టు వేసి కూర్చోబెట్టడమే మొదటి తప్పు. మూడేళ్ళ పిల్లాడు ఒక పని మీద నాలుగైదు నిమిషాలు నిలుస్తాడు. ఐదేళ్ళ వాడు పది నిమిషాలు. ఈ వయసులో సంగీతం కాళ్ళలో మొదలవ్వాలి, గొంతులో కాదు. డప్పు దెబ్బకి నడవడం, దెబ్బ ఆగగానే బొమ్మలా ఆగడం. ఆగడం చాలా ముఖ్యం. పరిగెత్తే ఒంటిని మాట మీద ఆపడం అక్కడే అలవాటవుతుంది.

వాయిద్యాలకి డబ్బు పెట్టక్కర్లేదు. రెండు కొబ్బరి చిప్పలు తీసుకుని పీచు గీకేసి, అంచులు గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే చేతులు కోసుకుపోతాయి. ముదురు కాయ చిప్పే కావాలి, లేత చిప్ప టక్కుమనదు, పగులుతుంది. పెద్ద చిప్ప జత, చిన్న చిప్ప జత రెండూ పెట్టండి, ఏది లావు శబ్దం ఏది సన్నం అని కళ్ళు మూసి చెప్పించండి. నీళ్ళ సీసాలో రెండు చెంచాల పెసలు పోసి మూతకి టేపు చుడితే గిలక. మూడేళ్ళ లోపు పిల్లలుంటే ఆ టేపు రెండు చుట్లు ఎక్కువ వెయ్యండి, పెసలు ముక్కులోకి పోతాయి.

వలంతల
ఆగడం గురించి @కొబ్బరిచిప్ప చెప్పింది బంగారం. మృదంగంలో కూడా పిల్లలకి దెబ్బ తొందరగానే వస్తుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ రాదు. త ధి తొం నం నాలుగూ పది రోజుల్లో పలికిస్తారు. మెల్లగా వాయించమంటే మాత్రం నెల పడుతుంది. ఖాళీలో చెయ్యి ఊరుకోదు.

పరీక్ష కావాలా? నిమిషానికి 60 దెబ్బలకి మెట్రోనోమ్ (సమానంగా టిక్కుటిక్కుమనేది) పెట్టి పిల్లాడి చేత చప్పట్లు కొట్టించండి. ఎనిమిది దెబ్బలయ్యాక శబ్దం తగ్గించేసి, కొట్టడం మాత్రం ఆపొద్దనండి. ఇంకో ఎనిమిదయ్యాక శబ్దం పెంచండి. పిల్లాడు దెబ్బ మీదే ఉన్నాడా, ముందుకెళ్ళాడా? ఐదారేళ్ళ వాళ్ళు ముందుకే పోతారు. రోజూ రెండు నిమిషాలు ఆడిస్తే నెలరోజుల్లో తేడా మీకే వినపడుతుంది.

లాకులదగ్గర
ఇది ఆట. దీనికి సంగీతం అని పేరెందుకు?

వలంతల
@లాకులదగ్గర లయ సంగీతం కాకపోతే కచేరీలో మా సీటు తీసేయండి మరి.

ముంజికాయ
ఇంట్లో సాధన చేయిద్దామంటే తాళం నేను వేస్తున్నా. మొదటి కాలం బాగానే ఉంటుంది. రెండో కాలానికి వచ్చేసరికి ఇద్దరం గందరగోళం.

మూడోకాలం
చెయ్యి నోటి వెనకాల పరిగెడుతోంది, అంతే. స్వరాలు రెండింతలు తొందరగా రావాలి, చెయ్యి మాత్రం కదలకుండా అదే నడకలో ఉండాలి. మీరు చేతిని కూడా తొందరపెట్టేస్తున్నారు. అది రెండో కాలం కాదు, మొదటి కాలమే తరుముకుంటూ పాడటం.

ఆది తాళం ఎనిమిది క్రియలు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొదటి కాలంలో క్రియకో స్వరం. సరిగమపదనిస ఒక ఆవృతం (తాళం ఒక చుట్టు), సనిదపమగరిస ఇంకో ఆవృతం. మొత్తం రెండు. రెండో కాలంలో క్రియకి రెండు స్వరాలు, ఎక్కి దిగేసరికి ఒక్క ఆవృతం. మూడో కాలంలో క్రియకి నాలుగు, అర ఆవృతంలో అయిపోతుంది. అందుకే మూడో కాలంలో రెండుసార్లు పాడితేగానీ తాళం మొదటికి రాదు. ఇక్కడ చాలామంది ఒక్కసారి పాడి "అయిపోయింది" అని చెయ్యి దించేస్తారు. ఐదు మీద వదిలేసినట్టు లెక్క.

వేళ్ళు ఐదేళ్ళ వాళ్ళకి కుదరవు. ఉంగరం వేలు ఒక్కటే కదిలించడం ఆ వయసు చేతికి కష్టం, నడిమి వేలు తోడొచ్చేస్తుంది. కొన్నాళ్ళు వేళ్ళ బదులు నేల మీద ఎనిమిది గవ్వలు పెట్టి ఒక్కోటీ ముట్టుకోమనండి.

ఇంకోటి. మాయామాళవగౌళ రాగంతోనే ఎందుకు మొదలుపెట్టిస్తారంటే, కింద స రి గ మ మధ్య ఎంతెంత దూరమో, పైన ప ద ని స మధ్య అంతే దూరం. సగం నేర్చుకుంటే మిగతా సగం దాని అచ్చే. పిల్లలు తప్పేది రి దగ్గర. సా పక్కనే ఆనుకుని ఉండాల్సిన రి పైకి జరిగిపోతుంది. స-రి-స, స-రి-స అని ఆ రెండు స్వరాలే పదిసార్లు. వరస మొత్తం పదిసార్లు పాడించి లాభం లేదు.

పులసప్రియుడు
ఉంగరం వేలు మాటకొస్తే పెళ్ళయిన మగాళ్ళకి కూడా ఒంటరిగా కదలదండి.

ఆటవెలది
తెలుగు మాస్టార్ల తరఫున నాదొక ఫిర్యాదు. లయ అనగానే అందరూ మెట్రోనోమ్ అంటారు, ఇంట్లో ఉన్న పద్యాన్ని మరిచిపోతారు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ఇంతకన్నా మంచి లయ పాఠం ఎవరు చెప్పారు?

ఊళ్ళ పేర్లతో మొదలుపెట్టండి. పాలకొల్లు: పా గురువు, ల లఘువు, కొ పక్కన ల్లు ఉంది కాబట్టి గురువు, ల్లు లఘువు. గురువుకి చేతులు కలిపి ఒక మాత్ర ఎక్కువ పట్టుకోవాలి, లఘువుకి కొట్టి వదిలెయ్యాలి. రాజమండ్రి కూడా అచ్చంగా అదే దరువు. తణుకు మూడూ లఘువులే. ఇప్పుడు "తణుకు రాజమండ్రి పాలకొల్లు" అనిపించండి. తణుకు, రాజ, మండ్రి, పాల, కొల్లు. ఐదు ముక్కలు, ఒక్కోటీ మూడు మాత్రలు, ఐదు చప్పట్లు. ఐదూ సూర్యగణాలే. ఆటవెలది రెండో పాదం నడక ఇదే. పిల్లాడికి గణం పేరు చెప్పక్కర్లేదు. శతక పద్యం దగ్గరకొచ్చేసరికి చెయ్యి దానంతట అదే పడుతుంది.

గోదారోడు
మాస్టారూ, గణాలు సరే, యతి ఎక్కడండి? మొదటి గణం "త", నాలుగోది "పా". ఈ పాదం మా తాతగారు వింటే చెవి మెలేస్తారు.

ఆటవెలది
ఒప్పుకున్నాను. "పాలకొల్లు తణుకు పట్టిసీమ." పా-కి ప. ఇప్పుడు తాతగారిని పిలవండి.

గోదారోడు
ఆయ్! కుదిరింది.

వలంతల
ఇదే మా భాషలో తకిట తకిట తకిట తకిట తకిట. పాలకి తకిట, కొల్లుకి తకిట. కాకపోతే "పాల" అన్నప్పుడు రెండో మాత్రలో అక్షరం ఉండదు, పా సాగుతుంది. "తణుకు"లో మూడూ పడతాయి. పిల్లలు సాగాల్సిన చోట కోసేసి పాలకొల్లు మొత్తం నాలుగు సమాన దెబ్బల్లో అనేస్తారు. తణుకు దగ్గరకొచ్చేసరికి నడక విరుగుతుంది. ఇలా చేయిస్తే ఆ తప్పు వెంటనే బయటపడుతుంది.

చెవిమాట
@ఆటవెలది మీరు తెలియకుండానే నా పని చేస్తున్నారు. తెలుగు రాత నేర్చుకునేటప్పుడు పిల్లలు తప్పేది దీర్ఘాలు, ఒత్తుల దగ్గరే. పట, పాట, పట్ట. చెవి ఈ మూడింటినీ విడదీయకపోతే చెయ్యి ఎలా రాస్తుంది? పాట, పట్ట రెండూ గురువు-లఘువే, కానీ ఒకదాంట్లో గొంతు సాగుతుంది, రెండోదాంట్లో నాలుక ఒక్క క్షణం ఆగి వదులుతుంది. పాటకి చెయ్యి గాల్లో గీత గీసినట్టు లాగండి, పట్టకి గుప్పెట మూసి తెరవండి. గద, గద్ద. అక, అక్క. ఒక పూటకి మూడు జతలు చాలు. డిక్టేషన్‌కి ముందు చేయిస్తే ఇంకా మంచిది.

నాలుగైదేళ్ళ పిల్లల్లో లయ, స్వరం పట్టగలిగే వాళ్ళకి మాటలోని ధ్వనులు విడదీయడం కూడా బాగా వస్తుందని 2002 నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. ఏది దేనికి కారణం అనేది వేరే తగవు, @లాకులదగ్గర ఎలాగూ తెస్తారు.

లాకులదగ్గర
తేబోతున్నా, మీరే అనేశారు. పద్యం మీద మాత్రం నాకు అభ్యంతరం లేదు, ఫీజు లేదు కాబట్టి.

తీగమేళం
ఎవరైనా వాయిద్యం కొనేముందు ఇది చదవండి. వయొలిన్ పిల్లాడి చేతి కొలతకి కొనాలి. వయొలిన్ మెడ కింద పెట్టి ఎడమ చెయ్యి చాపితే చివరి చుట్ట అరచేతిలో కూర్చోవాలి, మోచెయ్యి కాస్త వంగి ఉండాలి. "ఎలాగూ పెరుగుతాడు కదా" అని చొక్కా కొన్నట్టు పెద్దది కొంటే వేళ్ళు అందక స్వరం ఎప్పుడూ తగ్గే పలుకుతుంది. చివరికి చెవి పాడవుతుంది. మన పద్ధతిలో చుట్ట పాదం మీద ఆనుతుంది కాబట్టి మెడ కింద పెట్టి చూడటం ఒక్క కొలత కోసమే.

వీణ ఎనిమిదేళ్ళ ముందు వద్దు, ఒళ్ళో ఇమడదు, ఎడమ చెయ్యి పై మెట్లకి అందదు. పిల్లనగ్రోవి ముందు పళ్ళు ఊడే ఏడాది మొదలుపెట్టకండి, గాలి పక్కకి పోతుంది, పిల్లాడు తనకి రాదనుకుంటాడు.

మన తేమ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వానాకాలం వయొలిన్ బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి. ప్లయర్ పెట్టి తిప్పితే పెట్టె పగులుతుంది. బయటికి లాగి పొడి సబ్బు కాస్త రుద్దండి. ఎండాకాలం జారితే సుద్ద ముక్క. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి. రోహిణి కార్తెలో పడమటి కిటికీ పక్కన పెడితే మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది, పిల్లకి సాధన లేదని తిడతారు, తప్పు మెట్టుది. కీబోర్డుకి శత్రువు చీమ. చక్కెర చేతులతో వాయిస్తే లోపల కాపురం పెట్టేస్తాయి, ఒక మీట పలకడం మానేస్తుంది.

నల్లకాలువ
గాత్రానికి తోడు ఇంట్లో కీబోర్డు ఉంటే మంచిదా?

తీగమేళం
శ్రుతి చూసుకోవడానికి మంచిదే. 61 మీటలు చాలు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికేది తీసుకోండి, లేకపోతే వేళ్ళకి బలం రాదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, మాత్రం దాంట్లో రాదు. హార్మోనియానికీ అదే తంటా. ఆకాశవాణి దాన్ని 1940 నుంచి 1971 దాకా బయటే నిలబెట్టింది. మన పద్యనాటకాల వాళ్ళు పట్టించుకోలేదనుకోండి.

బెల్లంఆవకాయ
అందరూ మెల్లగా, ఆటలాగా అంటున్నారు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి ఎనిమిదేళ్ళకే కచేరీ చేశారు. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టి 1978కల్లా గుడివాడలో వేదిక ఎక్కారు. చిన్నప్పుడే గట్టిగా కూర్చోబెడితేనే కదా?

మూడోకాలం
@బెల్లంఆవకాయ వాళ్ళిద్దరి ఇళ్ళల్లోనూ తండ్రులు వాయించేవారు. శ్రీనివాస్ అయితే నాన్న మాండలిన్ తనంతట తను ఎత్తుకున్నాడు. అక్కడ పొద్దస్తమానం వినపడే ఇల్లు ఉంది. మనం ఇంట్లో టీవీ పెట్టి, వారానికి రెండు గంటలు పక్క వీధికి పంపి అదే ఫలితం కావాలంటే ఎలాగండి? ఆ ఇద్దరి నుంచీ నేర్చుకోవాల్సింది వయసు కాదు.

బెల్లంఆవకాయ
పోటీలు కూడా వద్దంటారా?

మూడోకాలం
పదేళ్ళు దాటాక చూద్దాం. చిన్నపిల్లలు పోటీ కోసం ఒకే పాట మూడు నెలలు అరగదీస్తారు. పాట వస్తుంది, పాడటం రాదు.

ముంజికాయ
నేను పాడితే కాకులు లేస్తాయి. నా పక్కన వాడు కూడా శ్రుతి తప్పుతాడేమోనని భయం. యూట్యూబ్‌లో పెడితే సరిపోతుందా?

చెవిమాట
సరిపోదు. ఫోను మీ బాబు వైపు చూడదు. వాడు ఆగితే ఆగదు, తప్పితే మళ్ళీ మొదలుపెట్టదు. మీ గొంతు గురించి బెంగ వద్దు.    శ్రుతికి తంబురా ఉంది, మీరు పక్కన కూర్చుని తాళం వేస్తే చాలు.

ఒక్కటి మాత్రం అడుగుతున్నా. బాబు టీవీ శబ్దం పెంచుతాడా? వెనక నుంచి పిలిస్తే "ఆఁ?" అంటాడా? నోరు తెరుచుకుని నిద్రపోతాడా, గురక ఉందా? జలుబు తరచూ చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక జిగురు చేరుతుంది. నొప్పి ఉండదు, వినికిడి కొద్దిగా తగ్గుతుంది, శ్రుతి పట్టడం కష్టం కావచ్చు. చెవి డాక్టరు దగ్గర టింపనోమెట్రీ అని రెండు నిమిషాల పరీక్ష ఉంటుంది. సర్కారు వైపు అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూస్తారు. అంగన్‌వాడీలో, బడిలో అడగండి. ఇది దాటాకే "వాడికి సంగీతం రాదు" అనాలి. అలాగే రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలపని పిల్లలకి సంగీతం క్లాసు మందు కాదు. ముందు వినికిడి పరీక్ష.

ముంజికాయ
గురక ఉందండి. జలుబు కూడా. శనివారం చూపిస్తాం.

పులసప్రియుడు
చెవి అన్నారు కాబట్టి, కనుమకి ప్రభల తీర్థంలో డీజే బండి ముందు పిల్లల్ని భుజాన ఎక్కించుకుని ఆడేవాళ్ళ సంగతి?

చెవిమాట
లెక్క చెబుతా, మీరే చూసుకోండి. పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం. 78కి 20 గంటలు, 81కి 10. బండి దగ్గర 105 ఉందనుకుంటే వారం కోటా రెండు నిమిషాల చిల్లరలో అయిపోతుంది. భుజం మీద పిల్లాడి చెవి సరిగ్గా స్పీకరు ఎత్తులో ఉంటుంది. దూరంగా నిలబడండి, లేదా చెవులు పూర్తిగా మూసే మఫ్ పెట్టండి. దూది పనికిరాదు.

పులసప్రియుడు
దీని మీద జోకు వెయ్యను.

కొబ్బరిచిప్ప
నలుగురితో కలవడం గురించి పైన వచ్చింది కదా. దానికి కోలాటం. 2010లో జర్మనీలో నాలుగేళ్ళ పిల్లల్ని జంటలుగా కలిపి పాడుతూ ఆడిస్తే, తర్వాత ఒకరికొకరు సాయం చేసుకోవడం ఎక్కువ కనిపించింది. సంగీతం లేకుండా అదే ఆట ఆడిన జంటల్లో అంత లేదు. చిన్నపిల్లలకి అడుగు పొడవు కర్రలు చాలు, కొనలు గుండ్రంగా ఉండాలి. సరిసంఖ్యలో పిల్లలు. ముందు ఎవరి కర్రలు వాళ్ళే కొట్టుకోవాలి, తర్వాత ఎదుటివాడితో, ఆ తర్వాత జరగడం. మొదటిరోజే జరగడం పెడితే వేళ్ళు చితుకుతాయి. చెమ్మచెక్క అయితే కర్రలు కూడా అక్కర్లేదు.

లాకులదగ్గర
సరే, ఓడిపోలేదు గానీ మెత్తబడ్డా. @మూడోకాలం ఇంతకీ ఇంట్లో రోజూ ఎంతసేపు? "వీలైనంత" అని చెప్పకండి.

మూడోకాలం
ఐదున్నరేళ్ళకి పది నిమిషాలు. ఒక నిమిషం తంబురా వినడం. రెండు నిమిషాలు "ఊ" అని సా నిలపడం, ఊపిరి అయినంతసేపే. నాలుగు నిమిషాలు ఒకే ఒక్క వరస, మొదటి కాలం. రెండు నిమిషాలు వలంతల గారి చప్పట్ల ఆట. చివరి నిమిషం వాడికి నచ్చింది ఏదైనా, సినిమా పాటైనా సరే, ఎగిరినా సరే. భోజనం అయ్యాక అరగంట దాకా వద్దు. రోజూ ఒకే వేళకి. ఒకరోజు తప్పితే మర్నాడు ఇరవై నిమిషాలు చేయించకండి, బాకీ తీర్చుకునే యాపారం కాదిది.

ముంజికాయ
అప్‌డేట్. చెవిలో జిగురు ఉందన్నారు, మందులిచ్చారు, మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. క్లాసు మానలేదు. మాస్టారికి 6 అని కాగితం ఇచ్చాం, మొదట ముఖం చిట్లించారు గానీ చిన్నపిల్లల్ని విడిగా అరగంట కూర్చోబెడుతున్నారు. పై సా దగ్గర అరుపు తగ్గింది. "పాలకొల్లు తణుకు పట్టిసీమ" రోజూ స్కూటరు మీద చప్పట్లతో అంటున్నాడు. కాకపోతే పట్టిసీమ అయ్యాక ఊపిరి తీసుకుని మళ్ళీ పాలకొల్లు అందుకునేసరికి నడక తప్పుతోంది. ఏం చెయ్యాలి?

వలంతల
ఊపిరికి కూడా ఒక చప్పట ఇవ్వండి. సీమ తర్వాత నోరు మూసుకుని ఒక్క తకిట ఖాళీగా కొట్టమనండి. అప్పుడు ఆరు చప్పట్లు, పద్దెనిమిది మాత్రలు. రూపక తాళం తిశ్ర నడకలో (దెబ్బకి మూడు మాత్రలు) అచ్చంగా కూర్చుంటుంది. స్కూటరు మీద మాత్రం చప్పట్లు మీరు కొట్టకండి.